నీడవీరుడికి లైటు పట్టిందెవరు?

ఈ దేశంలోని మూఢత్వాన్నంతా నేనొక్కణ్ణే, అదీ రైలు మారికుప్పంలో బయల్దేరి బెంగళూరు చేరేలోపు, కడిగిపారేయగలనని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం. వయసు ఇరవై రెండు. మా ఊరి బంగారు గనులు మూతపడి కొన్నేళ్ళయింది. ఊళ్ళో సగం మంది క్యారియర్లు పట్టుకుని పొద్దున్నే బెంగళూరు పనులకు రైలెక్కేవాళ్ళు. నేనూ ఎక్కేవాణ్ణి, ఒక అచ్చాపీసులో ప్రూఫులు దిద్దడానికి. (ఎదుటివాళ్ళ తప్పులు పట్టుకున్నందుకు జీతమిచ్చే ఉద్యోగం నాలాంటివాడి స్వభావానికి ఎంత ప్రమాదమో ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు.) దానికి తోడు మా చిన్నాన్న నడిపిన చర్చామండలిలో పెరిగాను. అక్కడ ఐదు నిమిషాలు కాగానే గంట కొట్టి కూర్చోబెట్టేవారు. రైల్లో గంట లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా బోగీలో సోమవారమంటే సినిమా. లేత్ వర్క్‌షాపులో పనిచేసే ఒకాయన ఉండేవాడు, మేం ఫస్ట్‌షో అన్న అనేవాళ్ళం. ఎగిరే వీరులు, మంత్రదండాలు, నిప్పులు కక్కే జంతువులు ఉన్న సినిమా బెంగళూరులో ఏది విడుదలైనా ఆయన చూడాలి, సోమవారం చూడనివాళ్ళకు చెప్పాలి. అది ఎవరూ రాయని చట్టం. ఆయన కథ చెప్తుంటే కిటికీ ఊచలు కూడా వినేవి. "పైనించి ఢామ్మని దిగినాడు చూడప్పా, రోడ్డు రెండుగా చీలిపాయ! లేసి ఇట్ల తల తిప్పినాడు. థియేటర్‌లో ఈలలు, పేపర్ ముక్కలు, నా పక్కన ఉండే అవ్వ కూడా చప్పట్లు కొట్టిందంటే చూసుకో!" అంటూ లేచి నిలబడి, దిగి, తల తిప్పి చూపించేవాడు. ఎదురుగా కూర్చున్న నర్సక్క (బెంగళూరులో ఏదో ఆసుపత్రిలో నర్సు, మా బోగీకి న్యాయమూర్తి) చేతిలో ఇడ్లీ నోటిదాకా పోకుండా ఆగిపోయేది.

సరిగ్గా అక్కడ నేను చెయ్యెత్తేవాణ్ణి. "అన్నా, అంత ఎత్తునుంచి దిగితే రోడ్డు సంగతి సరే, మోకాళ్ళు ఏమైనాయి?" నిప్పులు కక్కే పాము వస్తే, దాని గొంతు ఎందుకు కాలలేదని అడిగేవాణ్ణి. మంత్రగాడు మాయమైతే, ఒంటిమీది బట్టలెందుకు మిగల్లేదని అడిగేవాణ్ణి. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? పైనుంచి ఎవడో దిగొచ్చి కాపాడతాడని చేతులు కట్టుకుని కూర్చునే జాతి బానిసగానే చస్తుందని, ఈ సినిమాలు ఆ జబ్బుకు మందు కాదు, దాన్ని ఇంకా పెంచే పులిసిన పెరుగన్నమని ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి. బోగీ నాకు 'క్వశ్చన్ పేపర్' అని పేరు పెట్టింది. నేను దాన్ని బిరుదు అనుకున్నాను.

ఒక సోమవారం ఫస్ట్‌షో అన్నకు ఓపిక నశించింది. "నర్సక్కా, ఈడు నన్ను ఒక్క కథ ముగించనీలేదు. ఈడన్నా ఉండాల, నేనన్నా ఉండాల!" నర్సక్క ఇడ్లీ డబ్బా మూసి తీర్పు చెప్పింది. "వచ్చే సోమవారం కథ నువ్వే చెప్పు తమ్ముడూ. మారికుప్పం నించి బంగారుపేట దాకా. మధ్యలో ఎవురన్నా సందేహం అడిగితే, అది సినిమా అంతే అని చెప్పాల. నువ్వు గాని 'అది నిజమే, ఎట్ల?' అని ఒక్కసారి అన్యావంటే, మర్నాటినించి పక్క బోగీ." అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను గాని పక్క బోగీ సంగతి నాకు తెలుసు. పక్క బోగీలో పేకాట తప్ప మాటల్లేవు. నేను వాదించడానికి మనుషులుండే చోటు భూమ్మీద ఈ బోగీ ఒక్కటే. చర్చామండలి కూడా అప్పటికి మూతపడింది.

ఆదివారం వెళ్ళి, అప్పుడు బెంగళూరులో ఆడుతున్న నీడవీరుడి సినిమా చూశాను. శత్రువు బలం అంచనా వేయడానికి మాత్రమేనని నాకు నేను చెప్పుకున్నాను. (విరామానికి ముందు రెండు ఈలలు వేశాను. చీకట్లో ఎవరూ చూడలేదు.) వెంటనే రెండో ఆటకు కూడా టికెట్ తీసుకున్నానన్న విషయం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

సోమవారం రైలు కదిలింది. కథ మొదలుపెట్టాను. హీరో మామూలు దర్జీ. వెనకనుంచి వెలుగు పడితే అతని నీడ నేలమీదనుంచి లేస్తుంది, వందమంది బలంతో పని చేస్తుంది. నీడ కూలిపోయే వంతెనను వీపుమీద మోసింది, కాలే మేడలోంచి పిల్లల్ని దించింది. ఛాంపియన్ స్టేషన్ దాటేసరికి నేను సీట్లో లేను, నడవలో ఉన్నాను, చేతులు రెక్కల్లా చాచి. "నీడకు బరువెంతప్పా?" అని ఫస్ట్‌షో అన్న ఎర వేశాడు. "అది సినిమా అంతే!" అన్నాను. "నీడ తలుపు కింద నించి దూరితే బలం పల్చబడదా?" అంది నర్సక్క. "అది సినిమా అంతే అక్కా!" ఉరిగాం దాటింది, కోరమండల్ దాటింది. అందరి కళ్ళూ నామీదే. నెగ్గేస్తున్నాను.

ఇక పతాక సన్నివేశం. గని కూలింది. రెండొందలమంది లోపల చిక్కుకున్నారు. హీరో ఒంటరిగా షాఫ్టు బావిలోకి దిగాడు, హెల్మెట్ కూడా లేకుండా (పెట్టుకుంటే జుట్టు కనబడదు కదా). "అంతా చీకటి! అప్పుడు లేసింది చూడండి నీడ! ఏనుగంత బండను రెండు చేతుల్తో ఎత్తి..."

"లైటు ఎవరు పట్టుకున్యారు?"

అడిగింది షాఫ్టు తాత. ముప్ఫై ఏళ్ళు భూమి కింద పనిచేసి, గని మూతపడ్డాక బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా వెళ్ళేవాడు. ఊపిరితిత్తుల జబ్బు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకోవాలి కాబట్టి సోమవారాలు వినడమే తప్ప ఎన్నడూ నోరు విప్పినవాడు కాదు.

"అది సినిమా అంతే తాతా," అన్నాను.

"అది కాదప్పా. లోపల చీకటంటే నీకు తెలీదు. నీ చెయ్యి నీకు కనపడదు. నీడ యాడ నించి వస్తుంది? టోపీ లైటు ఉంటే కూడా అది ముందరికి పడతాది. మన నీడ మనకి ముందర కనపడల్లంటే ఎనక ఇంకొకడు లైటు పట్టుకోని నిలబడల్ల. కదలకుండా. పైన బండ ఊగతా ఉన్యా పారిపోకుండా." ఊపిరి తీసుకున్నాడు. "మాకు ఒకసారి బండ పేలింది. లోపల ఉండేవాళ్ళని తీసేదానికి నలుగురు తవ్వినారు. నేను లైటు పట్టుకోనుంటిని, తెల్లారేదాకా. తవ్వినోళ్ళ పేర్లు అందరికీ తెలుసు. ఇంగ, ఈ సినిమాలో ఎవరు పట్టుకున్యారు?"

ఎగిరేవాడి మోకాళ్ళ గురించి వంద ప్రశ్నలు వేసిన నాకు ఈ ప్రశ్న ఎందుకు తట్టలేదు? కాపాడేవాడు ఒక్కడే ఎలా అవుతాడని ఏళ్ళ తరబడి అరిచాను, ఆ రెండోవాడు ఎక్కడున్నాడని మాత్రం ఒక్కసారీ వెతకలేదు. "నిజమే తాతా! ఎట్ల? ఎవరు పట్టుకున్యారు!" అని బోగీ అదిరేలా కేకపెట్టాను.

"ఓడిపాయ! ఓడిపాయ!" అని ఫస్ట్‌షో అన్న గంతేశాడు. కిటికీలోంచి చూస్తే బంగారుపేట ప్లాట్‌ఫారం ఇంకా రాలేదు. రెండు నిమిషాల తేడాలో ఓడాను. కానీ ఆ గంతు మధ్యలోనే ఆయన ముఖం మారింది. "అవునప్పా, లైటు యాడ నించి వచ్చె?" అన్నాడు. బెంగళూరు దాకా బోగీ అంతా అదే గొడవ. కెమెరా వెలుగని ఒకరు, దేవుడి వెలుగని ఒకరు. పక్క బోగీ పేకాటవాళ్ళు కూడా ముక్కలు పట్టుకునే వచ్చి నిలబడ్డారు. తాత ఎవరి మాటా ఒప్పుకోలేదు.

మర్నాడు మాట ప్రకారం పక్క బోగీ ఎక్కాను. ఎంత అవమానమైనా తీర్పు తీర్పే. గురువారం పొద్దున బెంగళూరులో రైలు ఆగీ ఆగకముందే ఫస్ట్‌షో అన్న నా కిటికీ బాదాడు. "రేయ్ క్వశ్చన్ పేపర్, దిగు! నిన్న మళ్ళీ పోయి చూసినా. ఉండాదిరా, చెయ్యి ఉండాది! తెర మూలలో, ఒక్క క్షణం, లాంతరు పట్టుకోని ఒక చెయ్యి! తాతకి చెప్పినా నమ్మల్యా. 'నువ్వు ఊరికే పెంచి చెప్తావు. క్వశ్చన్ పేపర్ చూసి చెప్తే నమ్ముతా' అంటాడు."

ఆ సాయంత్రం అచ్చాపీసు నుంచి పరుగెత్తుకుంటూ థియేటర్‌కు వెళ్ళాను. సినిమా ఎత్తేశారు. గోడమీద కొత్త పోస్టర్ ఇంకా తడిగా ఉంది.

శుక్రవారం మా పాత బోగీ ఎక్కాను. ఎవరూ వద్దనలేదు, నర్సక్క కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చింది. తాత నన్ను చూశాడు. అడగడానికి ఊపిరి కూడగట్టుకుంటున్నాడు.

"చూసినా తాతా," అన్నాను, ఆయన అడగకముందే. "ఉండాది."

"ఏ చేత్తో పట్టుకున్యాడు?"

ఇలా గుచ్చి అడగడం నేనే నేర్పిన విద్య కదా. "ఎడమ చేత్తో," అన్నాను, నోటికి వచ్చింది.

తాత ముఖం విచ్చుకుంది. "అద్దీ! కుడిచెయ్యి గోడకి ఆనించుకోవల్ల. లేకుంటే వణుకుతాది." బెంగళూరు దాకా ఎడమ అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

తాత పోయి చాలా కాలమైంది. బాబాలనూ, వాస్తు పండితులనూ, రాళ్ళ ఉంగరాలు అమ్మేవాళ్ళనూ రుజువు చూపమని నిలదీస్తూ నేను బోలెడు వ్యాసాలు రాశాను, ఇంకా రాస్తున్నాను. ఆ సినిమా ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతుందని మా అమ్మాయి చూపించింది. వేలితో ఒక్కసారి తాకితే చాలు, ఆ మూలలో చెయ్యి ఉందో లేదో తేలిపోతుంది. ఫోన్ తీసుకున్నాను, వేలు తెర దాకా తీసుకెళ్ళాను. తరువాత, ఇరవై రెండేళ్ళప్పటి నాలోని వాగుడుకాయ చూస్తే ఎంత ఎగతాళి చేసేవాడో తలుచుకుని నవ్వుకుంటూ, చూడకుండానే తిరిగి ఇచ్చేశాను.