రాజవ్వ చెంబెడు నీళ్లు

ఫోన్ మోగితే చాలు, నా నోరు ఎండిపోతుంది. ఆరు నెలలైంది, ఇంకా అంతే. మడికొండలో మా అపార్టుమెంటుకు గేటు దగ్గర రెండు కెమెరాలు, లిఫ్టులో ఒకటి, వచ్చినవాళ్ల ఫొటో తీసి మన ఫోనుకు పంపే యాప్ మరొకటి. ఇన్ని ఉన్నా మనసుకు స్థిమితం లేదు. వంటింట్లోకి వెళ్లి చెంబెత్తి గటగటా నీళ్లు తాగుతాను. చెంబు అంచు చల్లగా పెదవికి తగలగానే రాజవ్వ గుర్తొస్తుంది.

చిన్నప్పుడు కొత్తవాడలో రాజవ్వది మా ఎదురిల్లు. జంపఖానాలు నేసేది. మగ్గం గుమ్మానికి ఎదురుగా ఉండేది కాబట్టి సందులో అడుగుపెట్టిన ప్రతి మనిషీ ఆమె కంటపడాల్సిందే. "ఎవలింటికి అచ్చినవ్ బిడ్డా?" అని లోపలి నుంచే కేకేసేది. నా స్నేహితురాళ్లనూ వదిలేది కాదు. నాకు ఒళ్లు మండేది. "నీకెందుకవ్వా మంది ముచ్చట?" అని ఒకసారి విసుక్కున్నాను. "నాకు గాకుంటె ఎవలకే? పోలీసోడు అచ్చి కూసుంటడా ఈడ?" అంది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో సందులో దొంగతనాలు ఎక్కువయ్యాయి. తీగ మీది చీరలు, వాకిట్లో బిందెలు, చివరికి నా కొత్త సైకిలు. ఆ కసి మీదే ఉన్నాను. ఒక మధ్యాహ్నం రాజవ్వ నూలు తేవడానికి వెళ్లింది. మాసిన పంచె కట్టుకున్న ఒకాయన ఒక్కో గుమ్మంలోకి తొంగి చూస్తూ వస్తున్నాడు. "దొంగ!" అని అరిచింది నేనే. క్షణంలో పదిమంది పోగయ్యారు. ఎవరూ ఏమీ అడగలేదు, కొట్టారు. రాజవ్వ నూలు మూట పారేసి మధ్యలోకి దూరేసరికే ఆయన చెవి నుంచి రక్తం కారుతోంది. పిడికిట్లో ఇంటి నంబరు రాసిన కాగితం ముక్క ఉంది. పాపం, చదువు రాదు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చి, పనిలో పనిగా కూతురి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆమెది మా పక్క సందు.

రాజవ్వ ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్ల చెంబు నా చేతిలో పెట్టి "నువ్వే తాపు" అంది. చెంబు ఆయన నోటి దగ్గర పెట్టాను. ఆయన నీళ్లు తాగి, "ఇల్లు దొరుకుతలేదని చూసిన బిడ్డా, గంతే" అన్నాడు. ఆ చెవికి మళ్లీ సరిగా వినపడలేదని తర్వాత కూతురు చెప్పింది. నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ రోజు నుంచి రాజవ్వ పద్ధతి మారింది. కొత్తవాళ్లు కనిపిస్తే ముందు నీళ్లిచ్చేది, ఆ తర్వాతే అడిగేది. "మంచోడైతె కూసుండి తాగుతడు. దొంగకు కూసునే ఓపిక ఉండది. మనం నిమ్మళంగ చూడొచ్చు, ఆయన ఇజ్జత్ గూడ పోదు" అనేది. ఆమె పోయి చాలా ఏళ్లయింది.

ఆరు నెలల కిందట నాకు వీడియో కాల్ వచ్చింది. ఖాకీ బట్టలు, వెనక జెండా. మీ పేరిట వచ్చిన పార్సిల్‌లో మత్తుమందు దొరికింది, మీరు అరెస్టయ్యారు, కెమెరా ముందు నుంచి కదలొద్దు అన్నాడు. ఇరవై ఏళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నదాన్ని, వాడు చెప్పినట్టే కదలకుండా కూర్చున్నాను. బిడ్డ చదువుకు దాచిన డబ్బంతా తనిఖీ కోసం పంపమన్నాడు. వేలు బటన్ మీదే ఉంది. నాలుక పిడచకట్టుకుపోయింది.

"సార్, జర నీళ్లు తాగొస్త" అన్నాను.

"కదలొద్దు! ముందు పంపు!" అని అరిచాడు.

నీళ్లు కూడా తాగనివ్వడేం? అప్పుడు రాజవ్వ మాట గుర్తొచ్చింది. వీడికి కూర్చునే ఓపిక లేదు. పైసా పంపకుండా ఫోన్ కట్ చేసి, ఏడుస్తూ చెంబెత్తాను.

నిన్న పార్సిల్ తెచ్చినతను చెమటతో తడిసి ముద్దయ్యాడు. చెంబు అందించాను. "వద్దు మేడం, టైం అయిపోతాంది, లేటయితె పైసలు కట్ చేస్తరు" అని మెట్ల మీదుగా ఉరికాడు. ఒక్క క్షణం అతన్నీ అనుమానించాను, ఛీ! మంచివాడికీ కూర్చునే తీరిక లేకపోతే, అవ్వా, నేను దొంగను ఎట్లా గుర్తుపట్టాలి?

చెంబు పట్టుకుని గబగబా మెట్లు దిగి, గేటు దగ్గర అతన్ని అందుకున్నాను. నిలబడే తాగాడు. "ఏ ఊరు బిడ్డా మీది?" అని అడిగాను. నవ్వి ఏదో పేరు చెప్పాడు. బండి చప్పుడులో వినపడలేదు. మళ్లీ వస్తే అడగాలి.