మెర్వ్ లేచిన నాలుగు సెకన్లు

"ఊరు వైయాలా అట. నువ్వే చెప్పమ్మాయ్, ఇది వైయాలాలా ఉందా? వెనకాల మా సీసం ఫ్యాక్టరీ పొగగొట్టం అంత పొడుగున నిలబడి కనబడుతూంటే?"

నొలీన్ పాస్కో రిమోట్ నొక్కి బొమ్మను ఆపేసింది. లేతనీలం నైటీ వేసుకున్న మీసాలవాడొకడు టీవీ తెర మీద గాల్లోనే ఆగిపోయాడు. కింద పసుపు అక్షరాల్లో 'వైయాలా, 1986' అని ఉంది.

"పోర్ట్ పిరీ అని మార్పిస్తానండీ," అంది టాంసిన్. అడిలైడ్ నుంచి రెండున్నర గంటలు కారు నడుపుకుంటూ వచ్చిన అలసట ఇంకా తీరలేదు.

"పడ్డందుకు మా ఆయన మెర్వ్ ఏనాడూ సిగ్గుపడలేదు. వైయాలా వాణ్ణి చేసినందుకు మాత్రం చచ్చేదాకా సణిగాడు. ఆ నైటీ నాదే. దేశమంతా చూసింది దాన్ని. కేకు తిను."

టాంసిన్ వెల్లా పనిచేసే కంపెనీ 'ఎనభైల్లో మరపురాని యాభై' అనే కార్యక్రమం కొన్నేళ్ళకోసారి కొత్తగా తీస్తుంది. ఆ రోజుల నాటి వింతల్ని యాభై నుంచి ఒకటి దాకా లెక్కపెడుతూ చూపిస్తారు. మధ్యమధ్యలో కుర్చీల్లో కూర్చున్న హాస్యగాళ్ళు వాటిని చూసి పగలబడి నవ్వుతారు. పాత బొమ్మల్లో ఉన్నవాళ్ళను వెతికి పట్టుకుని అనుమతి సంతకాలు తేవడం టాంసిన్ పని. ఆమె పుట్టేనాటికి ఎనభైలు ఎప్పుడో వెళ్ళిపోయాయి. మెర్వ్ పోయి రెండేళ్ళయింది కాబట్టి సంతకం ఇప్పుడు నొలీన్ చెయ్యాలి.

ఆస్పత్రి చందాల కోసం ఆ ఏడు ఊళ్ళో మంచాల పందెం పెట్టారు. చక్రాల ఇనప మంచం మీద ఒకరు కూర్చుంటే నలుగురు తోసుకుంటూ పరిగెత్తాలి. సీసం కరిగించే ఫ్యాక్టరీ జట్టు మంచం మీద, నవ్వులకని నొలీన్ నైటీ వేసుకుని, మెర్వ్ కూర్చున్నాడు. చక్రాలు బిగించిందీ అతనే. మలుపులో ఒక చక్రం తన దారిన తను పోయింది. మంచం పక్కకి తిరిగి, మెర్వ్ ఎగిరి, చర్చి ఆడవాళ్ళ స్పాంజి కేకుల బల్ల మీద బోర్లా పడ్డాడు.

"మొదటిసారి పన్నెండో నంబరిచ్చారు," అంది నొలీన్. "ఇంట్లో అందరం తలా ఒక చీటీ మీద నంబరు రాసుకునేవాళ్ళం, ఈసారి ఎక్కడొస్తాడో అని. సరిగ్గా రాసినవాళ్ళకి లామింగ్టన్ కేకులో పెద్ద ముక్క. తర్వాత పంతొమ్మిది, ముప్ఫయ్యొకటి, నలభై నాలుగు. 'జారుతున్నాను నొలీన్, ఇంకా పడలేదు' అనేవాడు."

టాంసిన్ కప్పు కింద పెట్టింది. ఆ మాట ఆమెకు కాస్త గుచ్చుకుంది.

"ఈసారి యాభయ్యో నంబరు దగ్గర ఉన్నారండీ. ఆ చోటికి ఇంకొకటి పోటీలో ఉంది. వార్తల మధ్యలో బూతులు తిట్టిన గులాబి చిలక. సాయంత్రంలోగా మీ సంతకం రాకపోతే చిలకను పెట్టేస్తామన్నారు."

"చిలకకి సంతకం అక్కర్లేదులే పాపం," అని నొలీన్ నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆపేసింది. "మా కూతురు జనీన్ వద్దంటోంది. నాన్న పోయాక కూడా జనం ఆయన్ని చూసి నవ్వాలా అంటుంది. దానిదీ తప్పు కాదు. నువ్వే చూడు, ఎప్పుడూ ఎక్కడ ఆపేస్తారో. కేకుల్లో మొహం పెట్టి ఉండగానే మీ హాస్యగాళ్ళలో ఆ కళ్ళద్దాలాయన నవ్వు మొదలెడతాడు. మా ఆయన లేచాడమ్మాయ్. లేచినట్టు ఈ దేశంలో ఎవరికీ తెలీదు."

"టీవీ వాళ్ళ దగ్గర అంతవరకే ఉందండీ. మిగతా టేపు మీద వేరేవి ఎక్కించేశారు."

"నా దగ్గరుంది."

బీరువా కింది అరలోంచి ఒక వీడియో క్యాసెట్ తీసింది. పందెం జరిగిన సాయంత్రం టీవీ వార్తలు తనే రికార్డు చేసుకుంది. కానీ క్యాసెట్ వెనకంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరవడం మరిచిపోయింది. దాన్ని విరిచేస్తే మళ్ళీ దాని మీద ఏదీ రికార్డవదు. పదిరోజుల తర్వాత మెర్వ్ దాని మీద క్రికెట్ ఎక్కించేశాడు.

"ఆ కోపంలో ఇంట్లో ఉన్న క్యాసెట్లన్నిటికీ ముక్కలు విరిచేశాను, కొత్తగా కొన్న ఖాళీవాటికి కూడా. నెలరోజులు ఏమీ రికార్డు చేసుకోలేకపోయాడు. చివరికి ఆ కన్నం మీద అంటుకునే టేపు ముక్క వేస్తే మళ్ళీ రికార్డవుతుందని ఎవడో చెప్పాడు. అప్పుడు నేను ఆ టేపు చుట్టే దాచేశాను."

పాత యంత్రం గరగరమంటూ క్యాసెట్‌ను మింగింది. మెర్వ్ పడ్డాడు. ఈసారి బొమ్మ ఆగలేదు. మొహం నిండా మీగడతో లేచాడు. వేలితో మీసం తుడిచి నాకాడు. నైటీ అంచులు రెండు చేతులా పట్టుకుని, కేకులామెకు మోకాలు వంచి దొరసానిలా వందనం చేశాడు. పక్కకి తిరిగి ఎవరితోనో ఏదో అనబోయాడు. అంతలో తెల్లబట్టల ఆటగాళ్ళు మైదానంలోకి నడిచొచ్చారు.

"ఏమన్నారు?" అడిగింది టాంసిన్.

"నాతోనే. 'నీ నైటీ చిరగలేదు నొలీన్' అన్నాడు."

టాంసిన్ ఫోన్ తీసి నిర్మాతకు కలిపింది, నొలీన్‌కూ వినబడేట్టు.

"నాలుగు సెకన్లు ఎక్కువ కావాలి," అంది.

"ఒక్కోదానికి ముప్ఫై సెకన్లే. చిలకకి ఇరవై చాలు. చిలకను పెట్టెయ్యనా?"

"కళ్ళద్దాలాయన జోకులో నాలుగు కోద్దాం. ఇన్నేళ్ళుగా పడేది చూపిస్తున్నాం. ఆయన లేచింది ఇక్కడుంది, ఎవరూ చూడలేదు. నన్ను నమ్మండి, చిలక కంటే బాగుంది."

అవతల నిట్టూర్పు. "సరే, తీసుకురా. సంతకం మరిచిపోకు."

నొలీన్ కళ్ళజోడు పెట్టుకుని కాగితం మొదట్నుంచీ చదివింది. సంతకానికి పైన ఉన్న ఖాళీలో తన రాతతో రెండు ముక్కలు చేర్చింది: 'లేచాకే ఆపాలి. ఊరు పోర్ట్ పిరీ.' ఆ తర్వాత సంతకం చేసింది.

"జనీన్‌కి నేను చెప్పుకుంటాలే. చీటీ మీద యాభై రాయమంటాను, పెద్ద ముక్క దానికే వస్తుంది."

వాకిట్లో కారు దాకా వచ్చి, పాత తువ్వాలులో చుట్టిన క్యాసెట్‌ను తనే పక్క సీట్లో పెట్టి బెల్టు తగిలించింది. కిటికీ మీద చెయ్యి వేసి వంగింది.

"పోస్టులో తిప్పి పంపకు, నువ్వే తీసుకురా. ఇంకోటమ్మాయ్. అక్కడ మీవాళ్ళెవరైనా ఆ కన్నం మీద టేపు ముక్క అంటించబోతే చేతి మీద ఒకటి వెయ్యి. ఇంకో క్రికెట్ మ్యాచ్ నేను తట్టుకోలేను."