కనిపెట్టు మామ వ్యాను

చర్చి వ్యాను నడిపే మామకు ఒకటే పిచ్చి. దేవుణ్ణి అడగందే స్టీరింగు తిప్పడు. దారి రెండుగా చీలిన ప్రతిచోటా వ్యాను ఆపి, కళ్ళు మూసుకుని, "ఎటు ప్రభువా?" అంటాడు. వెనక బండ్లవాళ్ళు హారన్లు మోగిస్తారు. మరీ తొందరున్నవాళ్ళు అతని తాతముత్తాతలను తలుచుకుంటారు. మామ మాత్రం కిటికీలోంచి చెయ్యి ఊపి, "దేవుని కోసం కనిపెట్టాలి నాయనా!" అంటాడు. అలా అతని పేరు కనిపెట్టు మామ అయింది.

"కనిపెట్టడమంటే ఎదురుచూడ్డం మామా! రోజుకో కొత్తదారి కనిపెట్టడం కాదు!" అని పాస్టరుగారు నెత్తీ నోరూ కొట్టుకునేవారు.

ఒకసారి పెళ్ళికూతుర్ని చర్చికి తీసుకురమ్మంటే, కాన్పుల ఆసుపత్రి ముందు ఆపాడు.

"ఇక్కడికెందుకు మామా?" అని ఆ పిల్ల బిత్తరపోయింది.

"ఎప్పటికైనా రావలసిందేగా తల్లీ. ఆయన కాస్త ముందు చూపించాడు."

ఇంకోసారి పెట్రోలు అయిపోయి వ్యాను నడిరోడ్డు మీద నిలబడిపోయింది. "బంకు ఆయనే చూపిస్తాడు" అన్నాడు మామ.

"మూడు చూపించాడయ్యా! మూడూ నువ్వే దాటొచ్చావు!" అన్నారు పాస్టరుగారు, వ్యాను నెడుతూ, రొప్పుతూ.

ఇవన్నీ ఎలాగో సర్దుకున్నా, ఏడాదిగా ఆదివారం వ్యాను పావుగంట ఆలస్యంగా వస్తోంది. సంఘపెద్దలు కూర్చుని తేల్చేశారు: మామను మాన్పించాల్సిందే. పాస్టరుగారికి మనసొప్పలేదు. "ఈ ఒక్క ఆదివారం నేనూ ఎక్కి చూస్తాను" అన్నారు.

ఆ ఉదయం మామ ప్రతి మలుపు దగ్గరా ప్రార్థించాడు గానీ దారి తప్పలేదు. తీరా ఒక నీలం గేటు ముందు వ్యాను ఆపి, ఇంజను కూడా కట్టేశాడు. అక్కడ చీలే దారే లేదు.

"ఏమైంది మామా?"

"ప్రభువు ఆగమన్నాడు."

గేటు చూసి పాస్టరుగారు సీట్లో కిందికి జారిపోయారు. అది సంగీతం టీచరమ్మ ఇల్లు. ఏడాది క్రితం పాటల సాధన చేస్తుండగా, "మీరు పాడకుండా ఉంటే పాట బాగుంటుంది టీచరమ్మా" అని ఆయనే సరదాగా అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ మళ్ళీ చర్చి గడప తొక్కలేదు. క్షమాపణ అడగాలని ఆయనకూ ఉంది. తగిన వేళకు దేవుడే కలుపుతాడులే అని వారం వారం వాయిదా వేశారు.

"ఆవిడ వస్తుందని ఏడాదిగా ఇక్కడ ఆపుతున్నావా?"

"కాదయ్యగారూ. మీరు వస్తారని. ఎక్కవలసింది ఆవిడే గానీ, ముందు దిగవలసింది మీరు."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా!"

"ఆయన నన్ను ఆగమన్నాడు. మీకు నీతులు చెప్పమన్లేదు."

పాస్టరుగారు దిగారు. పది అడుగుల దారి పది మైళ్ళనిపించింది. తలుపు తట్టకముందే తెరుచుకుంది. టీచరమ్మ ఇస్త్రీ బట్టల్లో, చేతిలో బైబిలుతో నిలబడి ఉంది.

"మాట తూలాను టీచరమ్మా. క్షమించండి."

"అంతేనా? దీనికి ఏడాది పట్టిందా?" ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "వ్యాను ఆగినప్పుడల్లా తయారై కూర్చుంటున్నాను. పిలవని పేరంటానికి రాలేను కదా! పదండి, పదండి, ఆలస్యమైంది."

చర్చిలో పెద్దలు గడియారం చూస్తూ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. వ్యాను దిగిన టీచరమ్మను చూసి, అనబోయిన మాటలు మింగేశారు. మామ ఉద్యోగం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ ఆదివారం పాస్టరుగారు సిద్ధం చేసుకొచ్చిన ప్రసంగం సమయపాలన మీద. వేదిక ఎక్కి, కాగితాలు ఒకసారి తిరగేసి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఈవేళ ప్రసంగం లేదు. పాటలే" అన్నారు.

ఆయన పరిచర్యలో అంత గట్టి ఆమెన్ అంతకుముందెన్నడూ వినలేదు.