బందీని కాల్చిన రోజు

అమెరికాకి చదువుకోడానికి వచ్చిన ఆ కొత్తలో, మాకు బుద్ధి చెప్పే పని తమదేనని తెలుగువాళ్ళందరూ అనుకునేవారు. ఏం తినాలో, ఏ కోర్సు తీసుకోవాలో, ఏ రోడ్డు మీద డ్రైవ్ చేయకూడదో చెప్పడానికి ఇంటికొక అంకుల్ సిద్ధంగా ఉండేవారు. నాకు దొరికినాయన నాన్నగారి స్నేహితుడు. మేమంతా చాటుగా రూల్స్ అంకుల్ అనేవాళ్ళం. మేముండే నోవైలో మంచు కుప్పలుగా పడి, రోడ్డు మీద పురుగైనా లేనప్పుడు కూడా స్టాప్ బోర్డు దగ్గర కారాపి, కుడీ ఎడమా చూసి, వెనక సీట్లో ఉన్న మమ్మల్ని కూడా చూడమనేవారు. (చూసేవాళ్ళం. లేకపోతే కారు కదిలేది కాదు.) అలాంటి మనిషికి, నేను ఎయిర్‌సాఫ్ట్ షూటింగ్ పోటీలకి వెళ్తున్నానని మా రూమ్మేట్ నోరు జారి చెప్పేసింది.

ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ చూడడానికి అచ్చం పిస్తోలే, కానీ వదిలేది చిన్న ప్లాస్టిక్ గుండ్లు. పాత గోడౌన్‌లో చెక్క గోడలు నిలబెట్టి, వాటి చాటున అట్ట బొమ్మలు పెడతారు. బజర్ మోగగానే పరిగెత్తుతూ కాల్చాలి. ఎంత త్వరగా, ఎంత గురిగా కాల్చామన్నదే లెక్క. మధ్యలో చేతులెత్తి నిలబడ్డ తెల్ల బొమ్మ ఒకటుంటుంది. వాడు బందీ, వాడికి తగిలినా, కాల్చాల్సిన బొమ్మ ఒక్కటి వదిలేసినా పాయింట్లు పోతాయి. ల్యాబ్‌లో ప్రొఫెసర్ ముందు నోరెత్తని నేను అక్కడ మాత్రం పులినయ్యేదాన్ని. (పులి కళ్ళద్దాలకి ఆవిరి పట్టి ఏమీ కనపడేది కాదన్నది వేరే విషయం.)

"తుపాకీయా? ఎఫ్-వన్ వీసా మీదా? డిపోర్ట్ చేస్తారమ్మాయ్! ఇప్పుడే నాన్నకి ఫోన్ చేస్తున్నా" అన్నారు అంకుల్.

"నేను ఎప్పట్నించో చెప్తున్న అంకుల్, ఇంటే గదా!" అని రూమ్మేట్ పక్కనుంచి ఎగదోసింది.

నాకు ఒళ్ళు మండింది. "నాన్నకి తర్వాత చెప్దురుగాని. ముందు మా యూనివర్సిటీ ఆఫీస్‌కి రండి, మీ ముందే అడుగుతాను. తప్పని వాళ్ళంటే మానేస్తాను. మీరంటే మాత్రం మానను" అన్నాను. ఆ చివరి మాట అనేంత ధైర్యం ఎక్కడిదో ఇప్పటికీ తెలీదు.

విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే మేడమ్ ఓపిగ్గా చెప్పింది. స్టూడెంట్ వీసా మీద నిజం తుపాకీ కొనడం అటుంచి, వేట లైసెన్సులాంటి మినహాయింపు లేకుండా దగ్గర కూడా పెట్టుకోకూడదట. ఎయిర్‌సాఫ్ట్‌ది ఆ చట్టం కిందకి రాదు, కానీ క్యాంపస్‌లోకి మాత్రం తేకూడదు. "క్లబ్ వాళ్ళది అద్దెకి తీసుకుని అక్కడే వదిలేస్తాను" అన్నాను. "అయితే ఎంజాయ్ చెయ్!" అంది. అప్పుడు అంకుల్ ముఖం చూడాలి! జన్మంతా రూల్ పక్షాన నిలబడ్డ మనిషిని రూలే నడిరోడ్డు మీద వదిలేసింది. కారెక్కి బెల్టు పెట్టుకుని, నాచేత కూడా పెట్టించారు. చివరికి, "శనివారం పోటీకి నేనూ వస్తా. అక్కడ అన్నీ సరిగ్గా ఫాలో అవుతున్నారో లేదో చూడాలి" అన్నారు.

క్లబ్‌లో ఓ గడ్డం అమెరికా పెద్దమనిషి ఉండేవాడు. ఇంట్లో బీరువా నిండా నిజం తుపాకులేనట, చలికాలం ప్రాక్టీసుకని ఇక్కడికొచ్చేవాడు. ఆ శనివారం నన్ను చూసి, "అమ్మాయీ, ఈ బొమ్మలెందుకు? వెళ్ళి నిజంది కొనుక్కో" అని నవ్వాడు.

"నా వీసా మీద కొనకూడదు. అయినా మిమ్మల్ని ఓడించడానికి ఇది చాలు" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఓహో అన్నారు. నేను తల దించలేదు.

మొదటి రౌండ్ బజర్ మోగింది. ఊపుగా దూకి, తలుపు పక్కకి తిరిగి, రెండు గుండ్లు సూటిగా బందీ గుండెల్లోకి దింపాను. చూడ్డానికొచ్చినవాళ్ళు నిలబడే అద్దం గోడ అవతలనుంచి అంకుల్ గొంతు వినపడింది: "ఓసి నీ దుంపతెగ! కాపాడాల్సినవాణ్ణే చంపేశావ్ కదే!" తెలుగు రాకపోయినా అందరికీ అర్థమైపోయింది. గడ్డం ఆయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"ఇంటికెళ్దామా అమ్మా?" అన్నారు అంకుల్ మెల్లగా.

"వెళ్ళను" అన్నాను. ఏడుపొస్తోంది, అయినా వెళ్ళను.

ఆఖరి రౌండ్‌లో దూకలేదు. ప్రతి మూల దగ్గరా ఊపిరి బిగబట్టి, బొమ్మని కళ్ళారా చూసి కాల్చాను. ఒక్కటీ గురి తప్పలేదు. గడ్డం ఆయన గాలిలా పరిగెత్తి, ఒక బొమ్మని అసలు చూడకుండానే దాటేశాడు. పోటీ మొత్తంలో ఆయన నాకంటే ఎంతో పైన, కాదనను. కానీ ఆ రౌండ్ నాది! ఆ బొమ్మ సరిగా కనపడలేదని ఆయన వాదనకి దిగబోతే, మా అంకుల్ అద్దం తలుపు తోసుకుని వచ్చి, "సర్! రూల్ ఈజ్ రూల్!" అని అడ్డంగా నిలబడ్డారు. ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, నాకు చెయ్యందించాడు. తిరుగుదారిలో అంకుల్ అన్నట్టే నాన్నకి ఫోన్ చేశారు. "మీ అమ్మాయి అమెరికావాణ్ణి ఓడించిందిరా!" అని అరిచి, ఫోన్ పెట్టేశాక నాతో గుసగుసగా, "బందీ సంగతి చెప్పలేదులే" అన్నారు.

ఇప్పుడు నేను ఉద్యోగస్తురాలిని. గ్రీన్ కార్డు క్యూలో ఇంకా నిలబడే ఉన్నాను కాబట్టి నిజం తుపాకీ నాకు ఇప్పటికీ దూరమే. దాని మీద నాకు మోజూ లేదు. శనివారాలు మాత్రం మానలేదు. బజర్ మోగితే గుండె అప్పటిలాగే ఎగురుతుంది, మోకాలే ఎగరనంటుంది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లలు నన్ను దాటి దూసుకుపోతుంటే, ఎవరు వద్దన్నా వినని ఆ కళ్ళద్దాల పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. డాక్టరు పరుగులు వద్దన్నాడు. నడవద్దని మాత్రం అనలేదు కదా! మోకాలికి పట్టీ బిగించుకుని, నడుస్తూ కాలుస్తున్నాను.