తాడు నా చేతిలో ఉన్నంతసేపు

మా వదినను క్యాంపులో అందరూ తాళ్ళక్క అంటారు. బడిపిల్లలు బస్సుల్లో వచ్చి, డేరాల్లో ఉండి, చెరువులో పడవ నడిపి, కొండవాగు దాటి, చెక్కగోడ ఎక్కి వెళ్ళే క్యాంపు అది. ఆ గోడ రెండంతస్తుల మేడంత ఎత్తు. ఎక్కే పిల్లల నడుముకు బెల్టు బిగించి, కింద నిలబడి తాడు పట్టుకునేది వదినే. నేను అక్కడి వంటింట్లో పనిచేస్తాను కాబట్టి ఇదంతా కళ్ళారా చూశాను.

ఆమె మొదట దుప్పట్లు ఉతకడానికి చేరింది. ఒకరోజు ఆరేసిన దుప్పటి గాలికి లేచి గోడ పైఅంచున చిక్కుకుంది. ఎవరినీ పిలవకుండా, చీర కుచ్చిళ్ళు దోపుకుని చరచరా ఎక్కి తీసుకొచ్చింది. అప్పట్లో తాడు పట్టుకునే పెద్దాయన, సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, గుడ్లప్పగించి చూశాడు. "ఇంకోసారి తాడు లేకుండా ఎక్కావో, చెవి మెలేస్తా" అని తిట్టి, మర్నాడే బెల్టు చేతికిచ్చాడు. ఆయన మోకాళ్ళు మొరాయించాక ఆ పని ఆమెకు వచ్చింది.

మా అన్నయ్య రుసరుసలాడాడు. "పెళ్ళాం గోడలెక్కుతోందని నలుగురూ నవ్వుతున్నారే."

"నవ్వనీ. ఆ నలుగురిలో ఒక్కణ్ణి సగం దాకా ఎక్కి చూపించమను, మానేస్తా."

అన్నయ్య మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఒక చలికాలం ఓ బడి నుంచి ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి వచ్చారు. వెంట మెడలో ఈల వేసుకున్న డ్రిల్లు మాస్టారు, కళ్ళజోడు పెట్టుకున్న లెక్కల టీచరు. గోడ దగ్గరకు రాగానే మాస్టారు ఆడపిల్లలను నీడకు పంపేశాడు. "వీళ్ళ చేత కాగితం పూలు చేయించండి. మగపిల్లలు ఎక్కుతారు."

"వీళ్ళెందుకు ఎక్కకూడదండీ?" అంది వదిన.

"చెయ్యో కాలో విరిగితే వీళ్ళ అమ్మానాన్నలకి ఎవరమ్మా జవాబు చెప్పేది?"

"మగపిల్లల కాలు విరిగితే వాళ్ళ అమ్మానాన్నలు చప్పట్లు కొడతారా?"

మగపిల్లలే పగలబడి నవ్వారు. మాస్టారి మొహం కందగడ్డయింది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"చూడమ్మా, తాడు పట్టుకోవడం వరకే నీ పని. ఎవరెక్కాలో చెప్పడం కాదు."

వదిన తాడు చుట్ట చుట్టి భుజాన వేసుకుంది. "అందరూ ఎక్కితే పట్టుకుంటా సార్. లేదంటే ఇవాళ ఎవరూ ఎక్కరు."

మేనేజరు ఆ చుట్ట లాక్కుని ఆమెను వంటింటికి తరిమాడు. పడవలవాణ్ణి పిలిచి తాడు పట్టుకోమన్నాడు. వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు. "నా దగ్గర పడితే తడుస్తారు సార్. ఇక్కడ పడితే ఏమవుతారో మీకు తెలీదా?"

గోడ ఖాళీగా నిలబడింది.

మర్నాడు వదిన నడుముకు బెల్టు బిగించుకునే వచ్చి, నా పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగింది.

"అది విప్పు," అన్నాడు మేనేజరు.

"ఉల్లిపాయలకేం అడ్డం రావట్లేదు సార్."

"నీకు పొగరెక్కువ."

"ఉంది కాబట్టే దుప్పట్ల దగ్గర్నుంచి ఇక్కడిదాకా వచ్చాను."

ఆ ఉద్యోగం ఊడితే వాళ్ళింట్లో ఎంత కష్టమో నాకు తెలుసు. ఆమెకు తెలియదా? తరుగుతున్న చెయ్యి మాత్రం ఆగలేదు.

అప్పటిదాకా నోరు మెదపని లెక్కల టీచరు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వెనక ఆడపిల్లలంతా ఉన్నారు. పూల కాగితాలు ఒక్కరూ ముట్టుకోలేదట.

"మేనేజరుగారూ, నేను ఎక్కుతాను. నాకు ఎవరి అనుమతి కావాలి?"

మేనేజరు నసుగుతూ తన గదిలోంచి తాడు తెచ్చిచ్చాడు. వదిన దాన్ని మూరమూరా తడిమి చూశాకే టీచరు బెల్టుకు కట్టింది.

సగంలో టీచరు చెక్కను రెండు చేతులా పట్టుకుని ఆగిపోయింది. "భయమేస్తోందండీ!"

"వెయ్యదా మరి! కుడికాలు పక్క చెక్క మీద పెట్టండి. తాడు నా చేతిలో ఉన్నంతసేపు మీరు కింద పడరు."

ఇంకొన్ని చెక్కలు ఎక్కింది కానీ పైదాకా వెళ్ళలేకపోయింది. చెమటలు కక్కుతూ దిగి, కళ్ళజోడు తుడుచుకుని వెనక్కి తిరిగింది. "అమ్మాయిలూ, వరసలో నిలబడండి."

మాస్టారు ఈల ఊదాడు. మళ్ళీ ఊదాడు. ఒక్కరూ తిరిగి చూడలేదు. కొందరు పైఅంచు ముట్టుకున్నారు, ఒక అమ్మాయి నాలుగు చెక్కలెక్కి ఏడ్చి దిగింది. మగపిల్లలు కింద నిలబడి "ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి!" అని అరిచారు. తర్వాత వాళ్ళూ ఎక్కారు.

ఆ బడివాళ్ళు ఫిర్యాదు పెట్టారు. మేనేజరు వదినను మళ్ళీ వంటింట్లో పడేశాడు. ఆమె రోజూ బెల్టుతోనే వచ్చింది. తరవాత వచ్చిన బడులవాళ్ళు "గోడెక్కడానికే వచ్చాం, మూసేశారేంటి?" అని మేనేజరును నిలదీశారు. చివరికి ఆయనే తాడు తీసుకుని వంటింట్లోకి వచ్చాడు.

"అందరూ ఎక్కితేనే సార్," అంది వదిన, గిన్నె మీంచి చూపు తిప్పకుండా.

"సరే తల్లీ, అందరూనే. రా."

డ్రిల్లు మాస్టారి బడి మళ్ళీ రాలేదు. మేనేజరు ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటాడు, "నీ వల్ల ఒక బడి పోయింది" అని.

"పోయింది బడేగా సార్, గోడ కాదుగా," అంటూ వదిన ఎదురుగా ఉన్న పిల్ల బెల్టు ఇంకాస్త బిగిస్తుంది.