అమ్మ నాటిన బేషరమ్

తొంభైల్లో మేము ఛత్తీస్‌గఢ్‌లో నాన్న ఫ్యాక్టరీవాళ్లిచ్చిన సెక్టర్ 2 క్వార్టర్‌లో ఉండేవాళ్లం. పెరట్లో నేలంతా కంకర. అయినా అమ్మ పట్టుబట్టి అక్కడ చిక్కుడు పాదు పెట్టింది. కాలవ గట్టున ఎండిపోయినట్టు పడి ఉన్న పుల్లలు ఏరుకొచ్చి పందిరి వేసింది. చిక్కుడు తీగ వాడిపోయింది కానీ ఆ పుల్లలు చిగురించి, నెల తిరక్కుండానే లేత ఊదారంగు పూలు పూశాయి.

పక్కింటి ఛత్తీస్‌గఢీ దీదీ గోడ మీంచి చూసి, "అరే, బేషరమ్" అని నవ్వింది.

అమ్మకు హిందీ రాదు. "ఏటంటందే ఆవిడ?" అని నన్నడిగింది.

హిందీ మీడియంలో ఎనిమిదో తరగతి చదువుతున్న నేను కాస్త గర్వంగానే, "సిగ్గులేనిది అంటంది" అని చెప్పాను.

అమ్మ పది రోజులు ఆ గోడ వైపు చూడలేదు. దీదీ పలకరించినా పలకలేదు. చివరికి డ్యూటీ నుంచి వచ్చిన నాన్న సంగతి విని, బూట్లు విప్పడం ఆపి మరీ నవ్వారు.

"అది మొక్క పేరే. ఎక్కడ పడేసినా బతికేస్తాదని ఇక్కడోళ్లు అలా పిలుస్తారు."

అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్లి, "దీదీ, బేషరమ్ యే హై" అంటూ నన్ను చూపించింది. అమ్మ మాట్లాడిన మొదటి హిందీ వాక్యం అదే.

దీదీ నవ్వుకుంటూ కొడవలి పట్టుకుని వచ్చింది. వదిలేస్తే పెరడంతా కమ్మేస్తాయని ఇద్దరూ కలిసి మొక్కల్ని నరికేశారు. నేల తగిలితే మళ్లీ మొలుస్తాయని దీదీ చెప్పడంతో, అమ్మ ఆ కొమ్మల్ని బట్టలారేసే తీగకు వేలాడగట్టింది. ముసురు రోజులు కావడంతో వారానికల్లా నాన్న డ్యూటీ చొక్కా పక్కన రెండు కొమ్మలు చిగుర్లేశాయి.