ఎవరు నేర్పారో చెప్పి మెట్టెక్కు

మా అమ్మాయి సూపర్‌వైజర్ అయిందండీ! శ్రీసిటీ ఫ్యాక్టరీలో, తన లైనంతటికీ తనే పెద్ద. ఆ మాట ముందుగా మా మేడమీద అద్దెకుండే సారుకు చెబుదామని మోకాళ్లు పట్టుకుని ఎక్కితే, ఆయన నిద్రలోనే పోయి ఉన్నారు. సంతోషాన్నీ ఏడుపునూ ఒకేసారి మోసి అలిసిపోయాను.

సారు రిటైరైన డ్రాయింగ్ టీచరు. ఆదివారాలు మమ్మల్ని బల్ల చుట్టూ కూర్చోబెట్టి పాచికల ఆట ఆడించేవారు. ఆయన కథ నడుపుతారు, మేం అందులో మనుషులం. గండాలు దాటేకొద్దీ మన మనిషి లెవెలు పెరుగుతుంది. దాన్ని ఆయన మెట్టు అనేవారు.

నేను ఆలస్యంగా చేరాను. అప్పటికే మా అమ్మాయి మంత్రాలు వేస్తోంది. ఆటలో నా మనిషి ఒక నేతగాడు. వాణ్ణి మాత్రం తోడేలు ఒక్క కాటుకే పడేసింది.

“ఇదేం ఆట సార్! కిందిమెట్టోడు సావల్ల, పైమెట్టోళ్లు సూడల్లనా?” అన్నాను.

సారు నవ్వారు. “అదే దీంట్లో లోటప్పా. మనం ఎక్కేకొద్దీ రాక్షసులూ ఎక్కుతారు, ఎక్కి ఏం లాభమో తెలీదు. అయినా, వచ్చే ఆదివారం ఏదో ఒకటి అబ్బుతుందని కాసుకోనుంటావు సూడు, మెట్టు లేకుంటే ఆ ఆశ యాడిది?”

మెట్టెక్కగానే రాని విద్య వచ్చేయడం ఆయనకు గిట్టేది కాదు. అందుకే ఎవరు నేర్పారో చెప్పనిదే మెట్టు ఇచ్చేవారు కాదు.

“ఈత యాడ నేర్చినావమ్మా?” అని మా అమ్మాయిని అడిగారొకసారి.

“ఆట పుస్తకంలో రాసుండాది సార్.”

“ఆ పుస్తకం ఏట్లో దిగిందా?”

“అట్లయితే మా నాయన నేతగాడు నేర్పినాడు.”

“నాకే ఈత రాదు గదమ్మా!” అన్నాను.

“ఆటలో వచ్చులే, గమ్మునుండు నాయనా!”

ఆ రోజు నుంచి నా కిందిమెట్టు నేతగాడికీ ఒక విలువ వచ్చింది.

మొన్న ఫ్యాక్టరీవాళ్లు లైనుకు పెద్దగా ఉండమంటే పిల్ల భయపడింది. “తెల్లారేసరికి పనంతా వచ్చేస్తుందా నాయనా? వద్దని చెప్పేస్తా” అంది. “సారునడుగు పో” అని పైకి పంపాను. సారు దగ్గుతూనే, “ఎవురు నేర్పినారో చెప్పి ఎక్కమ్మా” అన్నారట. లైనులో తనకు పని నేర్పిన ఆడవాళ్ల పేర్లన్నీ చెప్పిందట. అయినా, “ఆలోచిస్తా సార్” అని దిగి వచ్చేసింది. తర్వాత తను ఒప్పుకున్న సంగతి ఆయన వినలేదు.

బల్లమీద ఆయన అట్టతో చేసిన నా నేతగాడు ఇంకా కాగితం మీది ఏటి ఒడ్డునే ఉన్నాడు.

అమ్మాయి సంగతి ఇంకా చెప్పాల్సినవాళ్లున్నారు. చిత్తూరులో మా తమ్ముడు, నాయుడుపేటలో బావమరిది, పుత్తూరులో మేనకోడలు, నగరిలో పెద్దక్క. అక్కకు సరిగా వినపడదు. ఫోన్లో గట్టిగా అరవాలి, మేడమీదికి కూడా వినపడేటట్టు.